మూడో అంతస్తు ఫ్లాట్, టీకాలు ఇంకా పూర్తి కాని లాబ్రడార్ పిల్ల: టాయిలెట్ అలవాటు ఎలా చేయాలి?

మియాపూర్_మాధవి (ఆదివారం, రాత్రి)

అందరికీ నమస్తే. ఇక్కడ కొత్తగా చేరాను. ఈ వారమే మా ఇంటికి లాబ్ పిల్ల వచ్చింది. మగది, పేరు గోలీ. తెలిసినవాళ్ళ ఇంట్లో పుట్టింది, ఎనిమిది వారాలు నిండాకే ఇచ్చారు. మొదటి టీకా పడింది.

సమస్య ఏంటంటే, టీకాలన్నీ అయ్యేదాకా కింద నేల మీద దింపొద్దని డాక్టరు చెప్పారు. వీడియోలు చూస్తే మొదటి రోజు నుంచే బయటికి తీసుకెళ్ళమంటున్నారు. ఎవరి మాట వినాలి? ప్రస్తుతానికి పేపర్లు పరుస్తున్నాం. వాడు పేపరు చింపి, పక్కన టైల్స్ మీద పోస్తున్నాడు.

మా అత్తయ్యగారికి కుక్క ఇంట్లో తిరగడమే ఇష్టం లేదు. నిన్న సరిగ్గా పూజ గది గడప దగ్గరే కానిచ్చాడు. తర్వాత ఏం జరిగిందో ఇక్కడ రాయను. మావారేమో "ముక్కు పట్టుకుని అందులో రాస్తే దెబ్బకు బుద్ధి వస్తుంది, మా ఊళ్ళో అలాగే చేసేవాళ్ళు" అంటున్నారు. రాత్రిళ్ళు బాల్కనీలో పడుకోబెడితే ఒకటే ఏడుపు. కింది ఫ్లాట్ వాళ్ళు ఫోన్ చేసి అడిగారు కూడా. ఏదో ఒక దారి చెప్పండి.

సత్య_గుంటూరు

ముందు హాల్లో కార్పెట్ ఉంటే చుట్టేసి అటక మీద పడేయండి. బాత్‌రూమ్ ముందు పట్టాలు కూడా. మిగతా విషయాలు పెద్దలు చెప్తారు.

విశాఖ_ఇండీ

మాధవి గారూ, ముక్కు రాయడం మాత్రం వద్దని మీవారికి గట్టిగా చెప్పండి. జాలితో చెప్పడం లేదు. అలా చేస్తే పని ఇంకా చెడుతుంది. "ఇక్కడ పోయకూడదు" అని దానికి అర్థం కాదు. "మనుషులు చూస్తుండగా పోస్తే కొడతారు" అని అర్థమవుతుంది. ఇక సోఫా వెనకాల, మంచం కింద మొదలుపెడుతుంది. తర్వాత మీరు బయటికి తీసుకెళ్ళినా మీ ఎదురుగా పోయదు. బిగబట్టుకుని ఇంటికొచ్చి, మీరు వంటింట్లోకి వెళ్ళగానే కానిస్తుంది. మా వీధిలో ఒక పామెరేనియన్‌ది ఇదే కథ. దాని యజమాని దాన్ని ఇప్పటికీ "మొండిది" అని తిడుతుంటాడు.

పోస్తుండగా చూస్తే చప్పట్లు కొట్టి ఆపండి, ఎత్తుకుని సరైన చోట దింపండి. అయిపోయాక చూస్తే తుడిచేసుకోవడమే. ఐదు నిమిషాల కిందటి పనికి ఇప్పుడు తిడితే ఎందుకు తిట్టారో దానికి తెలియదు.

కరీంనగర్_కాక

బిడ్డా, నాకొక సంగతి అర్థం కాదు. మా ఇంట్లో ఎప్పుడూ కుక్క ఉంది. ఏ కుక్కకూ ఎవరూ నేర్పలేదు. పిల్లగా ఉన్నప్పటి నుంచే వాకిలి దాటి పోయి పెంటకుప్ప దగ్గర పని చూసుకుని వచ్చేది. ఈ పేపర్లు, క్రేట్లు, క్లాసులు అన్నీ సిటీ వాళ్ళ ఖర్చులు.

శునకమిత్ర (శిక్షకుడు, హైదరాబాద్)

కాకా, మీరు చెప్పింది నిజం. దాని వెనక కారణం కూడా ఉంది. కుక్కపిల్లలు మూడు వారాల వయసు దాటాక, కాళ్ళు ఆనగానే, పడుకునే చోటు వదిలి పక్కకు వెళ్ళి పోయడం మొదలుపెడతాయి. ఆ బుద్ధి పుట్టుకతో వస్తుంది. మీ ఇంట్లో వాకిలి దాటితే మట్టి. తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. అది తనంతట తానే నేర్చుకుంది. ఫ్లాట్‌లో పడుకునే చోటూ టైల్సే, ఆడుకునే చోటూ టైల్సే. ఎక్కడ "ఇల్లు" అయిపోయి "బయట" మొదలవుతుందో పిల్లకు తెలియదు. దాని దృష్టిలో పూజ గది గడప అంటే పడకకు దూరంగా ఉన్న ఒక మూల, అంతే. అత్తయ్యగారికి ఈ ముక్క చెప్పి చూడండి. ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను.

అందుకే మాధవి గారూ, ముందు ఇల్లంతా తిరగనివ్వడం మానండి. ఒక గది, లేదా హాల్లో ఒక మూల అడ్డు కట్టి ఇవ్వండి. అందులో పడక ఒక పక్క, టాయిలెట్ చోటు దానికి ఎదురు పక్క. కళ్ళు దాని మీద ఉన్నప్పుడే బయటికి వదలండి. మీరు ఫోన్ చూసుకుంటూ "పిల్ల హాల్లోనే ఉందిగా" అనుకుంటే కళ్ళు దాని మీద లేనట్టే లెక్క.

ఇక టైమింగ్. నిద్ర లేవగానే, తిన్న తర్వాత, ఆట మధ్యలో, ఆట అయ్యాక: ఈ నాలుగు వేళలూ తప్పవు. తిండి కడుపులో పడితే పేగు కదులుతుంది కాబట్టి, తిన్న ఐదు నిమిషాల నుంచి అరగంట లోపు రెంటికి వెళ్తుంది. నెలల వయసుకు ఒకటి కలిపితే వచ్చేన్ని గంటలు ఆపుకోగలదని ఒక మోటు లెక్క ఉంది. అంటే రెండు నెలల పిల్ల మూడు గంటలు. అది కూడా పడుకుని ఉంటేనే. మెలకువగా ఎగురుతున్న పిల్లను అరగంట, ముప్పావుగంటకోసారి తీసుకెళ్ళాల్సిందే. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టిందంటే ఇక మాట్లాడకుండా ఎత్తుకుని పరుగెత్తండి.

సరైన చోట పోసిన వెంటనే, అక్కడే, చిన్న ముక్క ఏదైనా తినిపించండి. వంటింట్లోకి వెళ్ళి డబ్బా తీసి తెచ్చేసరికి ఆలస్యమైపోతుంది. జేబులో పెట్టుకోండి. పోస్తున్నప్పుడు ఒకే మాట అనండి, "సుస్సు" అనో ఇంకోటో. ఇంట్లో అందరూ అదే మాట అనాలి. కొన్నాళ్ళకు ఆ మాట వింటేనే పోస్తుంది. వానలో గొడుగు పట్టుకుని నిలబడ్డప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఫ్రిస్కో_రవి

ఇక్కడ టెక్సాస్‌లో మేం క్రేట్‌తో అలవాటు చేశాం. పిల్ల నిలబడి, తిరిగి, కాళ్ళు చాపుకుని పడుకునేంత చోటు చాలు. అంతకన్నా పెద్దదైతే ఒక మూల పడుకుని ఇంకో మూల పోస్తుంది. లాబ్ పెరుగుతుంది కాబట్టి పెద్దది కొని మధ్యలో జాలీ అడ్డు పెట్టుకోండి. మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు "పసిదాన్ని బోనులో పెట్టార్రా" అని నాతో మాట్లాడలేదు. తర్వాత అది తలుపు తీసి ఉన్నా వెళ్ళి అందులోనే పడుకోవడం చూసి, క్రేట్ మీద తన పాత నేతచీర కప్పింది.

సత్య_గుంటూరు

అక్కడ పెరట్లో తలుపు తీస్తే గడ్డి. ఇక్కడ తలుపు తీస్తే లిఫ్టు. పిల్లను పొద్దున తొమ్మిదికి క్రేట్‌లో పెట్టి సాయంత్రం ఆరింటికి తీసేవాళ్ళు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు. దాన్ని ట్రైనింగ్ అంటే నేను ఒప్పుకోను. గొలుసుకు బదులు బోను, అంతే తేడా.

ఫ్రిస్కో_రవి

ఒప్పుకుంటాను. పగలు రెండు మూడు గంటలు మించకూడదు. అందులోనే పోసుకోక తప్పని పరిస్థితి తెస్తే, పడక మురికి చేయకూడదన్న బుద్ధే పోతుంది. ఆ తర్వాత నేర్పడం మహా కష్టం.

డాక్టర్_గోదావరి (పశువైద్యుడు, రాజమండ్రి)

మొదటి ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. మీ డాక్టరుగారు చెప్పింది సరైనదే, వీడియోల వాళ్ళు చెప్పేదీ పూర్తిగా తప్పు కాదు.

భయమంతా పార్వో వైరస్ గురించి. రక్త విరేచనాలు, వాంతులు, రెండు మూడు రోజుల్లో పిల్ల చేతికి దక్కకుండా పోవచ్చు. జబ్బు పడ్డ కుక్క మలంలో వైరస్ ఉంటుంది. నేల మీద నెలల తరబడి బతుకుతుంది. మన వీధుల్లో టీకాలు లేని కుక్కలు ఎన్ని తిరుగుతాయో మీకు తెలుసు. అపార్ట్‌మెంట్ గేటు ముందు మట్టి శుభ్రంగా కనిపించినా నమ్మడానికి లేదు.

"మొదటి టీకా పడిందిగా" అని చాలామంది అడుగుతారు. తల్లి పాల ద్వారా వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఇంకా మిగిలి ఉంటే, అది టీకాను పని చేయనివ్వదు. ఆ రక్షణ ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో పైకి కనబడదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేస్తాం. మధ్యలో ఒకటి ఎగ్గొడితే పర్లేదులే అనుకోవద్దు. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, తర్వాత బూస్టర్. నులిపురుగుల మందు మూడు నెలల వయసు దాకా రెండు వారాలకోసారి.

రెండో వైపు చూద్దాం. మొదటి మూడు నెలల్లో చూసినవాటికీ విన్నవాటికీ పిల్ల జీవితాంతం భయపడకుండా ఉంటుంది. ఆ కాలమంతా నాలుగు గోడల మధ్య పెడితే, తర్వాత ఆటో హారన్‌కు కూడా మంచం కింద దూరే కుక్క తయారవుతుంది. కాబట్టి బయటికి తీసుకెళ్ళండి, నేల మీద మాత్రం దింపకండి. చంకలో పెట్టుకుని గేటు దగ్గర కూర్చోండి. కూరగాయల బండి మైకు, స్కూల్ బస్సు, గుడి లౌడ్‌స్పీకరు, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ అబ్బాయి, అన్నీ మీ ఒళ్ళో కూర్చుని చూడనివ్వండి. టీకాలు సక్రమంగా వేయించిన, ఆరోగ్యంగా ఉన్న కుక్క తెలిసినవాళ్ళింట్లో ఉంటే ఆ ఇంట్లో ఆడుకోనివ్వొచ్చు.

చెప్పులు గుమ్మం బయటే వదలడం మనకు ఎలాగూ అలవాటే. ఇప్పుడు ఇంకా గట్టిగా పాటించండి, వైరస్ చెప్పుల అడుగున అంటుకుని కూడా ఇంట్లోకి వస్తుంది.

మియాపూర్_మాధవి

డాక్టర్ గారూ, చాలా థాంక్స్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. అయితే ఈ రెండు నెలలూ టాయిలెట్ బాల్కనీలోనే కదా? పేపరు చింపేస్తున్నాడు, ఏం పరచమంటారు?

విశాఖ_ఇండీ

పేపరు వద్దు. పిల్లలు ఏ నేల మీద పోయడం అలవాటైతే పెద్దయ్యాక కూడా కాలికి అదే తగలాలని వెతుక్కుంటాయి. పేపరు మీద అలవాటైన కుక్క, తర్వాత సోఫా మీద మడిచి పెట్టిన పేపర్ని కూడా వదలదు. ఈ రోజు పేపరైనా సరే. బట్ట లాంటి ప్యాడ్‌లు అలవాటైతే డోర్‌మ్యాట్ బలి.

రేపు బయట గడ్డి మీద పోయాలి కాబట్టి ఇప్పుడే గడ్డి ఇవ్వండి. వెడల్పాటి ప్లాస్టిక్ ట్రే, అడుగున నీళ్ళు కారడానికి కన్నాలు, దాని కింద ఇంకో ట్రే. పైన నర్సరీలో అమ్మే లాన్ గడ్డి చాప ఒకటి. మాకు ఇక్కడ చవకగా దొరికింది. హైదరాబాద్‌లోనూ నర్సరీలకు కొదవ లేదు. రెండు మూడు వారాలకు గడ్డి పసుపుపచ్చగా మాడిపోతుంది, మార్చుకోవాలి.

డాక్టర్_గోదావరి

నర్సరీలో కుక్కలు తిరుగుతున్నాయా అని చూసుకుని కొనండి. అనుమానంగా ఉంటే టీకాలయ్యేదాకా ప్లాస్టిక్ గడ్డి మ్యాట్ వాడండి, రోజూ కడగొచ్చు. ఇంకో మాట: బాల్కనీ గ్రిల్ సందులు కొలవండి. ఎనిమిది వారాల పిల్ల తల దూరిందంటే ఒళ్ళూ దూరుతుంది. ఈ రోజే జాలీ కట్టించండి, మిగతావి రేపైనా చేసుకోవచ్చు.

సత్య_గుంటూరు

తుడవడం గురించి కూడా చెప్పండి సార్. మా పనమ్మాయి ఫినాయిల్ ధారగా పోస్తుంది, మా వాడు మళ్ళీ అక్కడికే వెళ్తాడు.

డాక్టర్_గోదావరి

మనకు వాసన పోయినట్టుంటుంది, దాని ముక్కుకు పోదు. ఫినాయిల్ పైపైన ఇంకో వాసన కప్పుతుంది, అంతే. అమోనియా ఉన్న క్లీనర్లయితే ఇంకా నష్టం, మూత్రం వాసనకు దగ్గరగా ఉంటుంది కాబట్టి "ఇదే నా చోటు" అనుకుంటుంది. పెట్ షాపుల్లో ఎంజైమ్ క్లీనర్ అని దొరుకుతుంది. అది మూత్రంలోని వాసన పదార్థాన్ని విడగొడుతుంది. ముందు బట్టతో పీల్చేసి, అది పోసి, సీసా మీద రాసినంతసేపు వదిలేయాలి. వెంటనే తుడిచేస్తే డబ్బులు దండగ. టైల్స్ మధ్య సందుల్లో కూడా పోయండి, అక్కడికే ఇంకుతుంది. తెల్ల వెనిగర్‌లో సమానంగా నీళ్ళు కలిపి వాడినా కొంత పని చేస్తుంది, కానీ మార్బుల్ మీద పోయొద్దు, మచ్చ పడుతుంది.

పార్వో భయం ఉన్న చోట మాత్రం బ్లీచ్ ఒక వంతుకు 30 వంతుల నీళ్ళు. మామూలు ఫినాయిల్‌ను నమ్ముకోవద్దు. మూత్రం మీద నేరుగా బ్లీచ్ పోయకండి, ఘాటైన వాయువు వస్తుంది. ముందు సబ్బు నీళ్ళతో కడగండి. ఏది వాడినా నేల ఆరేదాకా పిల్లను రానివ్వొద్దు, పాదాలు నాకుతుంది.

మియాపూర్_మాధవి

రాత్రి ఏడుపు సంగతి?

శునకమిత్ర

నిన్నటిదాకా తల్లి ఒళ్ళో, అన్నదమ్ముల మధ్య పడుకున్న పిల్ల అది. బాల్కనీలో ఒంటరిగా, చీకట్లో, దోమల మధ్య ఏడవకపోతేనే ఆశ్చర్యం. మీ మంచం పక్కన ఒక అట్టపెట్టె లేదా క్రేట్‌లో పడుకోబెట్టండి. పుట్టిన ఇంటి నుంచి తల్లి పడుకున్న గుడ్డ తెప్పించుకోగలిగితే అందులో వేయండి. చేయి కిందికి వేలాడేసి పడుకుంటే చాలు, చాలామటుకు ఊరుకుంటుంది. పడుకునే ముందు ఒకసారి, రాత్రి మధ్యలో లేచి ఒకసారి ట్రే దగ్గరికి తీసుకెళ్ళండి. అప్పుడు లైట్లు వేయొద్దు, మాటలొద్దు, ముద్దులొద్దు. ఆట మొదలైందంటే మీకు నిద్ర ఉండదు.

మంచం గదిలోకి వద్దని అత్తయ్యగారంటే, మీలో ఒకరు హాల్లో దాని పక్కన చాప వేసుకోండి. కొన్ని రోజులకు మెల్లగా దూరం జరపొచ్చు.

కరీంనగర్_కాక

రాత్రి నీళ్ళ గిన్నె తీసేస్తే సగం గోల పోతుంది గదా.

డాక్టర్_గోదావరి

చలికాలమైతే పడుకోవడానికి గంట ముందు తీయొచ్చు. హైదరాబాద్, కరీంనగర్ ఎండల్లో మాత్రం వద్దు కాకా. తీయాల్సింది తిండి గిన్నె. రోజంతా గిన్నెలో తిండి ఉంటే రోజంతా రెంటికి వెళ్తూనే ఉంటుంది. మూడు నాలుగు పూటలు వేళకు పెట్టి, పావుగంటలో తినకపోతే తీసేయండి. తిండి వేళ కుదిరితే అదీ కుదురుతుంది.

పాలు పోయకండి. చాలా పిల్లలకు పాలు అరగవు, విరేచనాలవుతాయి. విరేచనాలతో ఉన్న పిల్లకు ఏ ట్రైనింగూ ఎక్కదు. కాస్త పెరుగు పర్వాలేదు. కానీ పెరుగన్నం మీదే లాబ్ పిల్లను పెంచితే ఎముకలకూ కండకూ చాలదు. పెద్ద జాతి పిల్లల కోసం చేసిన తిండి పెడుతుంటే దాని మీద కాల్షియం టానిక్ పోయొద్దు, ఎక్కువైతే ఎముకలు వంకర పోతాయి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ ఎవరూ చాటుగా కూడా పెట్టకూడదు. ఉల్లిపాయ వేసిన సాంబారు అన్నం కూడా ఇందులోకే వస్తుంది.

మియాపూర్_మాధవి (రెండు వారాల తర్వాత)

ఒక అప్‌డేట్. గడ్డి ట్రే బాగా పని చేస్తోంది. పగలు దాదాపు అన్నీ అక్కడే. హాల్లో అడ్డు కట్టడం వల్ల మా అత్తయ్యగారికి కూడా కాస్త టెన్షన్ తగ్గింది. ఇప్పుడు ఆవిడే "వాసన చూస్తున్నాడు, ఎత్తుకో" అని కేకేస్తున్నారు, ముట్టుకోరు మాత్రం.

రెండు కొత్త సందేహాలు. మావారు ఆఫీసు నుంచి రాగానే గోలీ పరుగెత్తుకెళ్ళి ఆయన కాళ్ళ దగ్గరే పోస్తున్నాడు. ట్రే తెలిసి కూడా ఎందుకిలా? ఇంకోటి, మా బాబు చేతి మీద ఆటలో పళ్ళు గుచ్చాడు, కొంచెం రక్తం వచ్చింది. పిల్లే కదా, ఇంజెక్షన్ అవసరమా?

డాక్టర్_గోదావరి

రెండోది ముందు. "పిల్లే కదా" అనుకోవద్దు. కుక్కపిల్లలకూ రేబిస్ రావచ్చు, మీ పిల్లకు ఇంకా ఆ టీకా పడలేదు. గాయాన్ని ధారగా పారే నీళ్ళ కింద సబ్బుతో పావుగంట కడగండి. పసుపు, కారం, సున్నం ఏమీ పెట్టకండి. ఈ రోజే బాబును డాక్టరుకు చూపించండి. రక్తం వచ్చిన గాయాన్ని అన్నిటికన్నా తీవ్రమైన వర్గంలో లెక్కిస్తారు. టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పని మొదలయ్యేలోపు రక్షణ ఇచ్చే ఇంజెక్షన్) కూడా ఇవ్వాల్సి రావచ్చు. పిల్ల ఎక్కడ పుట్టింది, ఎవరితో తిరిగింది అన్నీ అక్కడ చెప్పండి, వాళ్ళు నిర్ణయిస్తారు. ఇంటర్నెట్‌లో ఎవరో, నేనైనా సరే, "ఏం కాదులే" అంటే నమ్మకండి.

శునకమిత్ర

మొదటిది టాయిలెట్ సమస్య కాదు. ఆనందం, కొంచెం బెదురు కలిసి ఆపుకోలేకపోతున్నాడు. మీవారి గొంతు పెద్దదా? పైనుంచి వంగి తల మీద చేయి వేస్తారా? రాగానే కాసేపు వాడి వైపు చూడకుండా వెళ్ళి బట్టలు మార్చుకోమనండి. వాడు నెమ్మదించాక కింద కూర్చుని గదవ కింద నిమరమనండి. తిట్టారంటే మాత్రం ఇంకా పోస్తాడు. వయసుతో పాటు చాలా పిల్లల్లో పోతుంది.

డాక్టర్_గోదావరి

నిద్రలో కూడా కారుతున్నా, మాటిమాటికీ కొంచెం కొంచెం పోస్తున్నా అది వేరే విషయం. మూత్రం పరీక్ష చేయించాలి.

విశాఖ_ఇండీ

చేతులతో ఆడించడం ఆపించండి. పళ్ళు తగలగానే ఆట బంద్, లేచి వెళ్ళిపోవాలి. కొరుక్కోవడానికి గట్టి రబ్బరు బొమ్మ ఇవ్వండి. ఉడికించిన కోడి ఎముక ఎప్పుడూ వద్దు, చీలి పేగులో గుచ్చుకుంటుంది.

ఆఫీస్_అనిల్

మధ్యలో వస్తున్నందుకు సారీ. నేనూ మా ఆవిడా ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం, పొద్దున వెళ్తే రాత్రికే ఇల్లు. ఇదంతా చదివాక కూడా గోల్డెన్ రిట్రీవర్ పిల్లను తేవాలని ఉంది. ఎలా ప్లాన్ చేసుకోవాలి?

సత్య_గుంటూరు

తేకండి.

విశాఖ_ఇండీ

సత్య గారు కటువుగా అన్నా మాట నిజమే. పగలు చూసుకునే మనిషి లేకుండా రెండు నెలల పిల్లను పెంచలేం. మీకు కుక్కే కావాలంటే ఒకటి రెండేళ్ళు దాటిన దాన్ని దత్తత తీసుకోండి. మీ హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ అనే జంతు సంరక్షణ సంస్థ ఉంది, మన దేశీ కుక్కలకు ఇళ్ళు వెతికేవాళ్ళు చాలామంది ఉన్నారు. పెద్ద కుక్క గంటల తరబడి ఆపుకోగలదు. మా ఇండీ (దేశీ కుక్క) కొత్త ఇంట్లో పద్ధతి పట్టుకోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. దానికి కూడా పగలు ఎవరో ఒకరు వచ్చి తిప్పాలి, అది మర్చిపోవద్దు.

నిర్వాహకుడు

అపార్ట్‌మెంట్ లిఫ్టులో కుక్కలను రానివ్వాలా వద్దా అన్న వాదన వేరే చర్చలోకి మార్చాను. ఇక్కడ టాయిలెట్ అలవాటు గురించే రాయండి.

మియాపూర్_మాధవి (రెండు నెలల తర్వాత)

బాబుకు టీకాలు అప్పుడే వేయించాం, అంతా బాగుంది. గోలీ టీకాలూ అయ్యాయి. నిన్నటి నుంచి కిందికి దింపుతున్నాం. లిఫ్టులో పోస్తాడేమోనని ఎత్తుకునే వెళ్తున్నాను, బరువు మామూలుగా లేదు. తమాషా ఏంటంటే కింద అరగంట తిప్పినా పోయడు. అన్నీ వాసన చూసి, పైకి రాగానే బాల్కనీకి పరుగెత్తి ట్రేలో పోస్తాడు!

శునకమిత్ర

ట్రే బాగా నేర్పారన్నమాట. ఇప్పుడు ఆ ట్రేలోని వాడిన గడ్డి ముక్క ఒకటి కోసి, కింద మీరు ఎంచుకున్న మూల పెట్టండి. పొద్దున లేవగానే, వాడు నిండుగా ఉన్నప్పుడు, నేరుగా అక్కడికే తీసుకెళ్ళి కదలకుండా నిలబడండి. షికారు ముందు కాదు, పోశాకే. పోయగానే ఇంటికి లాక్కొచ్చేస్తే, పోస్తే ఆట అయిపోతుందని నేర్చుకుని ఇంకా ఆలస్యం చేస్తాడు. మీరు "సుస్సు" మాట వాడుతున్నారుగా, ఇప్పుడు వాడండి. బాల్కనీ ట్రే వెంటనే తీయకండి, కింద కుదిరాక తీద్దురు గాని.

డాక్టర్_గోదావరి

వానలు మొదలయ్యాయి కాబట్టి రెండు మాటలు. నిలిచిన నీళ్ళు తాగనివ్వొద్దు, ఎలుకల మూత్రం నుంచి లెప్టో (లెప్టోస్పైరోసిస్) జబ్బు వస్తుంది. గడ్డిలో తిరిగొచ్చాక చెవుల లోపల, వేళ్ళ సందుల్లో పిడుదులు ఉన్నాయేమో రోజూ చూడండి. కనబడితే చేత్తో నలపకండి. మందు గురించి మీ డాక్టరుగారిని బరువు చెప్పి అడగండి.

మియాపూర్_మాధవి

అలాగే సార్. గడ్డి ముక్క సంగతి రేపు పొద్దున్నే చేస్తాను. పార్కింగ్ పక్కన మూల వాడుకోవచ్చా అని వాచ్‌మన్‌ను అడిగితే, సంచీలో ఎత్తి పారేస్తానంటే అభ్యంతరం లేదన్నాడు.

సత్య_గుంటూరు

ఆ సంచులు జేబులో ఎప్పుడూ రెండు ఉంచుకోండి. ఒకటి చిరుగుతుంది.